సెంటర్ బెంచి మీదకెళ్తే టీమ్ కూలబడిపోతోంది, నిమిషాలు ఎలా పంచాలి?

కోటగుమ్మం_కోచ్
మా బాస్కెట్‌బాల్ టీమ్‌లో నిజమైన సెంటర్, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగువాడు, ఒక్కడే. ఆరడుగుల నాలుగంగుళాలు, డిగ్రీ ఫస్టియర్. వాడి తర్వాత పొడుగు అనదగ్గవాడు ఆరడుగులు కూడా లేడు. పెద్దోణ్ణి ఆపకుండా ఆడిస్తే మూడో క్వార్టర్ సగానికి నడుం మీద చేతులు పెట్టుకుని సెంటర్ లైన్ దగ్గరే నిలబడిపోతున్నాడు, డిఫెన్స్‌కి వెనక్కి రాడు. పోనీ తీసేద్దామంటే అవతలివాళ్ళు బాస్కెట్ కిందిదాకా వచ్చి వరసపెట్టి లేఅప్‌లు వేసుకుపోతున్నారు, పది పాయింట్ల లీడ్ చూస్తుండగానే కరిగిపోతోంది. మధ్యలో ఫౌల్స్ గొడవ ఒకటి, మొదటి క్వార్టర్‌లోనే రెండు తెచ్చుకుంటాడు. ఈ నెలాఖరుకి విజయనగరంలోనే టోర్నమెంటు, పొద్దున ఒక మ్యాచ్ సాయంత్రం ఒక మ్యాచ్, సిమెంటు కోర్టు, మన ఉక్కపోత సంగతి తెలిసిందే. నా అసిస్టెంటేమో కుర్రాడే కదా ముప్పై అయిదు నిమిషాలు లాగించేద్దాం అంటాడు. నాకది నచ్చట్లేదు, దానికి బదులు ఏం చెయ్యాలో కూడా తేలట్లేదు. మీ టీముల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి. స్టామినా పెంచమని మాత్రం చెప్పకండి, నెలాఖరులోపు పెరిగేది కాదది.

బాక్స్‌ఔట్_బొబ్బిలి
స్టామినా పెంచండి.

బాక్స్‌ఔట్_బొబ్బిలి
సరదాకన్నాను మాస్టారూ, తిట్టకండి. వాడికి ఫౌల్స్ ఎక్కడ పడుతున్నాయి? తన మనిషిని గార్డ్ చేస్తూనా, ఇంకొకడి మనిషి డ్రైవ్ చేస్తే, అదే బాల్‌తో లోపలికి దూసుకొస్తే, సాయానికెళ్ళా? అది చెప్తే సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

జోకిచ్_బాబాయ్
మీ బాధే అమెరికా లీగ్ ఎన్‌బీఏలో డెన్వర్ నగ్గెట్స్ బాధ, వాళ్ళ సెంటర్ జోకిచ్. జోకిచ్ లోపలున్నంతసేపు లీడ్, కూర్చోగానే ఉన్నదంతా ఊడ్చుకుపోవడం, ఏళ్ళ తరబడి ఇదే. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటాను, వాడు బెంచి మీదకెళ్ళగానే నేను స్నానానికి లేస్తాను, ఆ నాలుగైదు నిమిషాలు చూస్తే నాకు బీపీ. 2023లో టైటిల్ కొట్టినప్పుడు వాళ్ళు చేసిన పని గమనించండి. ప్లేఆఫ్స్‌లో జోకిచ్ కూర్చున్నప్పుడు బెంచి మీదున్న పొడుగు సెంటర్లని దించడం మానేసి, ఆరన్ గోర్డన్, జెఫ్ గ్రీన్ లాంటి ఫార్వర్డ్‌లతోనే సెంటర్ పని నడిపించారు. జోకిచ్ లేనప్పుడు కూడా జోకిచ్ ఆటే ఆడాలని చూడలేదు, వేరే ఆట ఆడారు. ఆ తర్వాత 2025 వేసవిలో ఇంకో సెంటర్ వలన్చూనస్‌ని తెచ్చుకున్నారు, అంత పేరున్న బ్యాకప్ కావాల్సొచ్చిందంటే ఆ కాసిని నిమిషాలకి ఎంత విలువో చూడండి.

రాజాం_రీబౌండ్
బాబాయ్, గోర్డన్ ఆరడుగుల ఎనిమిదంగుళాలు. ఆ గుంటడు మన జిల్లాలో పుట్టుంటే స్టేట్ టీమ్‌కి సెంటర్ వాడే. మాస్టారి దగ్గరున్నది ఆరడుగులు లేనివాడు. వేసవిలో కొనుక్కురావడానికి వలన్చూనస్ మన గంటస్తంభం దగ్గర దొరకడు.

జోకిచ్_బాబాయ్
ఎత్తు సంగతి కాదు తమ్ముడూ నేను చెప్పింది, ఆట మార్చడం గురించి. మళ్ళీ చదువు.

కోటగుమ్మం_కోచ్
బొబ్బిలి అన్నా, ఎక్కువ భాగం సాయానికెళ్ళి పడేవే. మా గార్డులు, అదే బయట ఆడే పొట్టివాళ్ళు, ముందే ఓడిపోతారు, వీడు ఆలస్యంగా వెళ్ళి మీద పడతాడు. కొన్ని స్క్రీన్ పెట్టేటప్పుడు, అంటే మనవాడికి దారివ్వడానికి అవతలివాడికి అడ్డం నిలబడేటప్పుడు, కదిలి తెచ్చుకునేవి. ఇంకో రకం ఉంది, తన షాట్ మిస్సయితే ఆ కోపంలో రీబౌండ్ పట్టినవాడి చెయ్యి మీద కొడతాడు. నాకు మండేది అదే.

బాక్స్‌ఔట్_బొబ్బిలి
ఆ మూడో రకం ఒక్కటి ఆపిస్తే మ్యాచ్‌కి ఒక ఫౌల్ మిగులుతుంది. ప్రాక్టీసులో అలా కొట్టినప్పుడల్లా వాణ్ణి తీసేసి ఆట కొనసాగించండి. మాటలతో వినరు ఈ వయసులో.

పాత_విజిల్
ముందు ఒక సంగతి. టీవీలో ఎన్‌బీఏ చూసి ఇక్కడ లెక్కలు వెయ్యకండి. అక్కడ 12 నిమిషాల క్వార్టర్లు, మొత్తం 48 నిమిషాలు, ఆరో ఫౌల్‌కి బయటికి. మనం ఆడేది ఫిబా, అంటే అంతర్జాతీయ ఫెడరేషన్ రూల్స్, 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, అయిదో ఫౌల్‌కే ఆట సరి. పైగా ఒక క్వార్టర్‌లో టీమ్‌కి 4 ఫౌల్స్ దాటాయంటే ఆ తర్వాత మీ డిఫెన్స్ చేసే ప్రతి ఫౌల్‌కీ అవతలివాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు. మీవాడు మొదటి మూడు నిమిషాల్లో రెండు తెచ్చుకున్నాడంటే అది వాడొక్కడి సమస్య కాదు, ఆ క్వార్టర్‌లో టీమ్ మొత్తానికున్న కోటాలో సగం వాడే తినేశాడు.

సబ్‌స్టిట్యూషన్ గురించి కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది కోచ్‌లకి ఇది తెలిసినట్టే ఉండి తెలియదు. మీకు కావాల్సినప్పుడు మార్చలేరు. బాల్ డెడ్ అవ్వాలి, గడియారం ఆగాలి. బాస్కెట్ పడ్డంత మాత్రాన గడియారం ఆగదు, కాబట్టి అప్పుడు మార్పు లేదు, నాలుగో క్వార్టర్‌లో గానీ ఓవర్‌టైమ్‌లో గానీ చివరి 2 నిమిషాల్లో, అదీ బాస్కెట్ తిన్న టీమ్ అడిగితే తప్ప. అడగాల్సింది కూడా కోచ్ కాదు, లోపలికెళ్ళే ఆటగాడే స్కోరర్ టేబుల్ దగ్గరికెళ్ళి అడగాలి. ఎన్నో మ్యాచ్‌ల్లో చూశాను, కోచ్ బెంచి ముందు గెంతుతుంటాడు, లోపల కుర్రాడి ప్రాణం పోతుంటుంది, విజిల్ మాత్రం రాదు. కాబట్టి అలిసిపోయాక తీద్దాంలే అనుకునేవాళ్ళకి ఆ తీయడం ఇంకో నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాల తర్వాత గానీ కుదరదు.

అంకెలబాబు
రెండు ఫౌల్స్ పడగానే తీసెయ్యాలన్న ఆచారం ఎవరు పెట్టారో గానీ దాన్నొకసారి నిలదియ్యాలి. అయిదు ఫౌల్స్ పడితే నష్టమేంటి? వాడు ఆడడు. మీరు భయపడి కూర్చోబెడితే నష్టమేంటి? అప్పుడూ వాడు ఆడడు. మొదటిది జరగొచ్చు, జరక్కపోవచ్చు. రెండోది మీ చేతులారా మీరే జరిపిస్తున్నారు. మొదటి క్వార్టర్‌లో 6 నిమిషాలు మిగిలుండగా రెండో ఫౌల్ పడింది, హాఫ్‌టైమ్ దాకా కూర్చోబెట్టారు అనుకోండి, 16 నిమిషాలు పోయాయి. తీరా మ్యాచ్ అయ్యేసరికి వాడి ఖాతాలో మూడే ఫౌల్స్. మిగిలిన రెండూ ఇంటికి పట్టుకెళ్తారా? మొదటి క్వార్టర్‌లో పోయిన పాయింటూ చివరి క్వార్టర్‌లో పోయిన పాయింటూ స్కోర్‌షీట్ మీద ఒకటే.

చీపురుపల్లి_పీఈటీ
అంకెలకి భయం ఉండదు బాబూ, పద్దెనిమిదేళ్ళవాడికి ఉంటుంది. నాలుగు ఫౌల్స్ మీదున్న సెంటర్‌ని లోపల ఉంచి చూడండి, ఎవడైనా డ్రైవ్ చేస్తే చేతులు వెనక్కి పెట్టుకుని దారి ఇస్తాడు. వాడున్నా లేనట్టే. అవతలి కోచ్ కూడా కళ్ళు మూసుకుని కూర్చోడు, వెంటనే వాడి మీదకే బాల్ పంపిస్తాడు. నేను పాటించే పద్ధతి ఒకటుంది, క్వార్టర్ నంబర్‌కి ఒకటి కలిపినన్ని ఫౌల్స్ పడితే బయటికి. మొదటి క్వార్టర్‌లో రెండు, రెండో దాంట్లో మూడు, మూడో దాంట్లో నాలుగు.

అంకెలబాబు
బయటికి సరే మాస్టారూ, ఎంతసేపు?

చీపురుపల్లి_పీఈటీ
ఆ క్వార్టర్ అయ్యేదాకా. తర్వాతి క్వార్టర్‌లో మళ్ళీ దించుతాను.

అంకెలబాబు
అలాగైతే నాకు పెద్ద గొడవ లేదు. నేను తిట్టేది హాఫ్‌టైమ్ దాకా మర్చిపోయేవాళ్ళని. అయినా ఒక మాట, రెండో ఫౌల్ మొదటి నిమిషంలోనే పడితే మీ పద్ధతిలో తొమ్మిది నిమిషాలు బెంచి మీదే. అది ఎక్కువ. రెండుమూడు నిమిషాలు కూర్చోబెట్టి చల్లబరిచి దించెయ్యొచ్చు, దించేటప్పుడు జోన్‌లోకి, అంటే మనిషిని కాకుండా చోటుని కాపాడే డిఫెన్స్‌లోకి మారిస్తే వాడు మూడోది తెచ్చుకునే అవకాశం తగ్గుతుంది.

బాక్స్‌ఔట్_బొబ్బిలి
ఇద్దరూ రాజీపడిపోయారా? ఇంక మేమెందుకు, పదండి టీకి.

నాగావళి_నంబర్15
అసలు సంగతికి ఇంకా ఎవరూ రాలేదు. మొత్తం ఎన్ని నిమిషాలన్నది తర్వాత, ఒక్కో విడతలో ఎంతసేపు ఉంటున్నాడన్నది ముందు చూడాలి. నేను సెంటర్ ఆడేదాన్ని, ఇప్పుడు శ్రీకాకుళంలో అమ్మాయిల టీమ్‌ని చూస్తున్నాను. మా రోజుల్లో మా సారు నేను పూర్తిగా అలిసిపోయేదాకా ఉంచి, అప్పుడు రెండు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ పంపేవారు. ఆ రెండు నిమిషాలకి చెమట కూడా ఆరేది కాదు. ఒంట్లో ఇంకొంచెం ఓపిక ఉండగానే తీస్తే మూడు నాలుగు నిమిషాల్లో మనిషి మళ్ళీ మామూలవుతాడు, పూర్తిగా అయిపోయాక తీస్తే పది నిమిషాలైనా చాలవు. ఇది ఆడినవాళ్ళకి తెలుస్తుంది.

మా అమ్మాయిలకి నేను చేసేది చెప్తాను, మీకు కావాల్సినట్టు మార్చుకోండి. మొదటి క్వార్టర్‌లో 6 నిమిషాలు ఆడించి తీసేస్తాను. మిగతా 4, క్వార్టర్ల మధ్య 2 నిమిషాల విరామం, రెండో క్వార్టర్ మొదటి 2, ఇవన్నీ కలిపి గడియారం ఆగే సమయం కూడా చూసుకుంటే బయట పది నిమిషాల పైనే కూర్చున్నట్టు, ఆటలో పోయేది మాత్రం ఆరే నిమిషాలు. తర్వాత రెండో క్వార్టర్‌లో 5 నిమిషాలు ఆడించి చివరి 3 తీసేస్తే దాని వెనకే హాఫ్‌టైమ్. మూడో క్వార్టర్ మొదటిదాని లాగే 6 నిమిషాలు. నాలుగో దాంట్లో 2 నిమిషాలు అయ్యాక దించి ఆఖరి దాకా 8 నిమిషాలు. మొత్తం 25. ఎప్పుడు కూర్చుంటుందో ముందే తెలుసు కాబట్టి పిల్ల కూడా ఆ 6 నిమిషాలు ఒళ్ళు దాచుకోకుండా పరిగెడుతుంది. ముప్పై అయిదు నిమిషాలు ఆడాలని తెలిసినవాళ్ళు మొదటి నిమిషం నుంచే దాచుకుంటారు, మాస్టారూ, మీ అబ్బాయి సెంటర్ లైన్ దగ్గర నిలబడేది అందుకే కావచ్చు.

రాజాం_రీబౌండ్
అక్కా, అంతా బాగుంది గానీ నాలుగో క్వార్టర్ సెంటర్ లేకుండా మొదలుపెట్టడమా? నా గుండె ఆగిపోతుంది.

నాగావళి_నంబర్15
ఆ రెండు నిమిషాల్లో స్కోరు జారుతుంటే టైమౌట్ ఉందిగా. రెండో హాఫ్‌లో మూడు ఇస్తారు, వాటిని దాచుకునేవాళ్ళే ఎక్కువ. టైమౌట్ తీసుకుంటే బాల్ డెడ్, మార్పూ చేసుకోవచ్చు. పాత విజిల్ గారు చెప్పిన విజిల్ రాని ఇబ్బందికి కూడా అదే మందు.

పాత_విజిల్
సరిగ్గా చెప్పారమ్మా. ఒక చిన్న చేర్పు, ఆ మూడింట్లో చివరి 2 నిమిషాల్లో వాడుకోగలిగేది రెండే. అంటే నాలుగో క్వార్టర్‌లో 2 నిమిషాలు మిగిలేలోపు ఒకటి వాడకపోతే అది పోయినట్టే. కాబట్టి సెంటర్ ఊపిరి కోసం ఒకటి ఖర్చు పెట్టడం నష్టమేం కాదు.

సిరిమాను_ఫ్యాన్
మాస్టారు గారి సెంటర్‌కి ఒక పేరు పెట్టేద్దాం, సిరిమాను, మన పైడితల్లి పండగలో లేచే పొడుగు మాను. పండగకి ఒక్కసారే లేస్తుంది, మిగతా రోజులన్నీ పడుకునుంటుంది.

కోటగుమ్మం_కోచ్
మా కుర్రాళ్ళు ఆ పేరు ఎప్పుడో పెట్టేశారు, మీరు ఆలస్యం.

గజపతినగరం_గార్డ్
పాయింట్ గార్డ్‌ని కాబట్టి మా వైపు మాట ఒకటి. కోచ్‌లందరూ సెంటర్‌ని తీసేటప్పుడు మంచి గార్డ్‌ని కూడా కలిపి తీసేస్తారు, ఇద్దరికీ ఒకేసారి రెస్ట్ అని. అప్పుడు లోపల మిగిలేవాళ్ళకి బాల్ ముందుకి తెచ్చేవాడూ లేడు, లోపల పట్టుకునేవాడూ లేడు. ఇద్దరిలో ఒకడు ఎప్పుడూ లోపల ఉండేలా చూడండి. సెంటర్ కూర్చున్నప్పుడు బెస్ట్ గార్డ్ ఆడాలి, గార్డ్ కూర్చునే రెండు మూడు నిమిషాలు సెంటర్ ఆడుతున్న సమయంలో రావాలి. మా టీమ్‌లో ఇదొక్కటి మార్చాక బెంచి మీదవాళ్ళతో ఆడే నిమిషాల్లో కనీసం బాల్ పోగొట్టుకోవడం తగ్గింది.

కోటగుమ్మం_కోచ్
ఇది నేను పట్టించుకోని సంగతి. మావాళ్ళిద్దరూ కలిసే బయటికొస్తున్నారు. రాసుకున్నాను.

ఆర్క్_ఆమదాలవలస
ఇంతమంది ఇంత రాశారు గానీ అసలు సెంటర్ ఎందుకు అని ఎవరూ అడగలేదు. 2015 ఎన్‌బీఏ ఫైనల్స్‌లో వారియర్స్ టీమ్ 1-2తో వెనకబడితే నాలుగో మ్యాచ్‌లో సెంటర్ బోగట్‌ని తీసేసి అంత పొడుగు లేని ఇగొడాలాని మొదటి అయిదుగురిలో పెట్టారు. ఆరడుగుల ఆరంగుళాల డ్రేమండ్ గ్రీన్ సెంటర్. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి కప్పు పట్టుకెళ్ళారు, ఫైనల్స్ ఎంవీపీ, అంటే బెస్ట్ ప్లేయర్ అవార్డు, ఆ ఇగొడాలాకే వచ్చింది. మాస్టారూ, సిరిమాను కూర్చున్నప్పుడు అయిదుగురూ పొట్టివాళ్ళని పెట్టి ఫుల్ కోర్ట్ ప్రెస్ చెయ్యండి, అంటే కోర్టంతా వెంటపడి అడ్డుకోండి. అవతలి సెంటర్ మనవాళ్ళ మీద స్కోర్ చెయ్యాలంటే ముందు బాల్ అవతలి కొసకి చేరాలి కదా.

రాజాం_రీబౌండ్
ప్రెస్ చేసేది ఎవరు, సాయంత్రం రెండో మ్యాచ్‌లో, ఉక్కపోతలో? సెంటర్‌ని కాపాడబోయి గార్డుల్ని చంపేస్తారు. ఇంకో ఉదాహరణ చూడు. 2025 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో థండర్ టీమ్‌వాళ్ళు సెంటర్ హార్టెన్‌స్టైన్‌ని బెంచి మీద పెట్టి చిన్న లైనప్‌తో మొదలెట్టారు, ఆఖరి క్షణంలో అవతలి టీమ్ హాలిబర్టన్ వేసిన షాట్‌తో ఒక్క పాయింటుకి ఓడారు. నాలుగో మ్యాచ్‌కల్లా మళ్ళీ ఇద్దరు పొడుగువాళ్ళతో మొదలెట్టారు, ఏడు మ్యాచ్‌లదాకా వెళ్ళినా చివరికి టైటిల్ వాళ్ళదే.

ఆర్క్_ఆమదాలవలస
ఆ ఓటమి లైనప్ వల్లే అంటావా? చివరి దాకా లీడ్‌లో ఉన్నది వాళ్ళేగా.

రాజాం_రీబౌండ్
లైనప్ వల్లే అనను. చిన్న లైనప్ మంత్రం కాదు అంటాను, అంతే.

అంకెలబాబు
ఇద్దరి ఉదాహరణల్లోనూ ఒకటే కనపడుతోంది నాకు. ఆ కోచ్‌లిద్దరి దగ్గరా రెండు రకాల అయిదుగురున్నారు, రెండూ ప్రాక్టీసులో ఆడించి ఉంచారు కాబట్టి మార్చగలిగారు. మనవాళ్ళు సెంటర్ లేని అయిదుగురిని మ్యాచ్‌లోనే మొదటిసారి చూస్తారు. మాస్టారూ, మీ ప్రాక్టీసులో సిరిమాను లేకుండా ఎంతసేపు ఆడిస్తున్నారు?

కోటగుమ్మం_కోచ్
ఆడించట్లేదు. వాడు ఎప్పుడూ మెయిన్ టీమ్‌లోనే ఉంటాడు.

అంకెలబాబు
అదిగో.

కొండవెలగాడ_కండలు
సెంటర్ దొరకడం లేదని ఏడవకండి, మన జిల్లాలో గట్టిగా ఉన్నవాడు వెయిట్‌లిఫ్టింగ్‌కి పోతాడు, పొడుగ్గా ఉన్నవాడు వాలీబాల్‌కి పోతాడు, మీకు మిగిలేది మేమిద్దరం వద్దన్నవాళ్ళు. మా ఊరి కుర్రాడొకడిని అడగండి, అయిదడుగుల తొమ్మిది, వాణ్ణి బాస్కెట్ దగ్గర పోస్ట్‌లో పక్కకి నెట్టగలిగేవాడు ఇంకా పుట్టలేదు. దూకలేడు, అది వేరే విషయం.

చీపురుపల్లి_పీఈటీ
నవ్వుతాలకి అన్నా ఇందులో పనికొచ్చే మాటుంది. మా టీమ్‌కి రెండో సెంటర్‌గా వాలీబాల్ ఆడేవాణ్ణి తెచ్చాను. బ్లాక్ చెయ్యడానికి చేతులు నిటారుగా పైకెత్తడం వాళ్ళకి అలవాటే, అది చాలా కలిసొచ్చింది. బాల్ పట్టుకుంటే ఏం చెయ్యాలో తెలీదు, కాబట్టి పట్టుకోవద్దని చెప్పాను. స్క్రీన్ పెట్టు, రీబౌండ్‌కి నీ మనిషిని వెనక్కి నెట్టి నిలబడు, బాల్ వస్తే దగ్గర్లో ఉన్న గార్డ్‌కి ఇచ్చెయ్. బ్యాకప్‌కి ఈ మూడు పనులు చాలు. వాడికి అయిదు ఫౌల్స్ ఉన్నాయి, అన్నీ ఖర్చుపెట్టుకోనివ్వండి, టీమ్ కోటా దాటనంతవరకు.

ఫిజియో_పక్కింటి
ఎవరూ మోకాళ్ళ సంగతి ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. నిమిషాలు లెక్కపెడుతున్నారు, సెంటర్‌కి లెక్కపెట్టాల్సింది దూకుళ్ళు. గార్డ్ పది నిమిషాలు ఆడటం వేరు, రీబౌండ్‌కీ బ్లాక్‌కీ పదేపదే గాల్లోకి లేచి సిమెంటు మీద దిగేవాడు పది నిమిషాలు ఆడటం వేరు. మోకాలి చిప్పకి కాస్త కింద, ఎముకకి అతుక్కునే నరంలాంటి పట్టీ దగ్గర నొప్పి అంటున్నాడేమో అడగండి. ముందు ఆట మొదట్లో నొప్పి ఉండి ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు మళ్ళీ తెలుస్తుంది. అలాంటిదేమైనా ఉంటే 25 నిమిషాలు కూడా ఎక్కువే, డాక్టర్‌కి చూపించాకే కోర్టులోకి.

రెండోది, మ్యాచ్‌లో జాగ్రత్తగా కూర్చోబెట్టి, ముందురోజు ప్రాక్టీసులో రెండు గంటలు రీబౌండ్ డ్రిల్ చేయిస్తే మీ రొటేషన్‌కి అర్థం లేదు. టోర్నమెంటు వారంలో వాడి దూకుడు డ్రిల్స్ తగ్గించండి, ఫ్రీ త్రోలు వేయించండి. మూడోది, పొద్దున మ్యాచ్‌నీ సాయంత్రం మ్యాచ్‌నీ విడివిడిగా లెక్కెయ్యకండి. రోజు మొత్తానికి ఒక లెక్క పెట్టుకోండి. మధ్యలో కేవలం నీళ్ళు తాగితే చాలదు, ఉప్పు కూడా పోతుంది చెమటలో, ఉప్పేసిన పల్చటి మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఇవ్వండి. పొద్దున చోడంబలి తాగొచ్చేవాడైతే మంచిదే, కానీ మ్యాచ్‌కి రెండు గంటల ముందే.

అసిస్టెంట్_నేనే
మాస్టారు నా గురించి ఇక్కడ రాశారని కుర్రాళ్ళు చెప్తే వచ్చాను. ముప్పై అయిదు నిమిషాలన్నది నేనే, ఇప్పటికీ అదే అంటాను. పాతకాలం ఎన్‌బీఏ సెంటర్ విల్ట్ చాంబర్లేన్ 1961-62 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 48.5 నిమిషాలు ఆడాడు. మ్యాచ్ ఉండేదే 48 నిమిషాలు. ఓవర్‌టైమ్‌లు కూడా కలిపి ఆ లెక్క. అదే సీజన్‌లో ఒక మ్యాచ్‌లో 100 పాయింట్లు. మనోడు 35 ఆడలేడా?

బాక్స్‌ఔట్_బొబ్బిలి
వచ్చాడండీ అసలు మనిషి.

జోకిచ్_బాబాయ్
తమ్ముడూ, విల్ట్ ఏడడుగుల ఒక్కంగుళం, కాలేజీలో హైజంప్ చేసినవాడు. అలాంటివాడు మళ్ళీ పుట్టలేదు కాబట్టే ఆ రికార్డు ఇంకా అక్కడే ఉంది. నువ్వు చైనా సెంటర్ యావ్ మింగ్‌ని కూడా చూడాలి. ఏడడుగుల ఆరంగుళాలు, పాదాల్లో ఎముకలు విరిగి విరిగి చివరికి 2010-11లో వాడి ఎన్‌బీఏ టీమ్ రాకెట్స్ వాళ్ళు మ్యాచ్‌కి 24 నిమిషాలకి మించి ఆడించం అని గీత గీశారు. ఆ సీజన్‌లో అయిదు మ్యాచ్‌లే ఆడగలిగాడు, 2011లో రిటైరయ్యాడు. గీత అప్పుడు కాదు, ఎముకలు బాగున్నప్పుడే గియ్యాలి.

అసిస్టెంట్_నేనే
మనోడికి ఎముకలు బాగానే ఉన్నాయి బాబాయ్ గారూ.

ఫిజియో_పక్కింటి
అందుకే గీత ఇప్పుడే గియ్యమంటున్నారు ఆయన.

నాగావళి_నంబర్15
అసిస్టెంట్ గారూ, మీరనే 35లో పనికొచ్చేవి ఎన్ని? మాస్టారే రాశారు, మూడో క్వార్టర్ సగం నుంచి వాడు డిఫెన్స్‌కి రావట్లేదని. అంటే ఆ తర్వాత మీరు నలుగురితో ఆడుతున్నారు. 25 నిమిషాలు అయిదుగురితో ఆడి, 15 నిమిషాలు ఒక పొట్టివాడితో ఆడటం నయం.

అసిస్టెంట్_నేనే
ఆ మాటకి జవాబు ఆలోచించి చెప్తాను.

గజపతినగరం_గార్డ్
వాడు అలిసిపోయాక జోన్ వేస్తే? 2-3లో, అంటే ముందు ఇద్దరు వెనక ముగ్గురు, మధ్యలో నిలబెడితే పరుగు తగ్గుతుంది కదా.

రాజాం_రీబౌండ్
పరుగు తగ్గుతుంది, రీబౌండ్ కష్టమవుతుంది. మనిషికో మనిషి కాసే మ్యాన్ టు మ్యాన్‌లో ఎవడి మనిషిని వాడు అడ్డుకుంటాడు, జోన్‌లో ఎవడు ఎవణ్ణి అడ్డుకోవాలో తేలేలోపు అవతలివాడు దూకేస్తాడు. అలిసిన సెంటర్ చేసేది చూస్తూ నిలబడటమే. జోన్ వెయ్యాల్సింది సెంటర్ ఉన్నప్పుడు కాదు, లేనప్పుడు. అయిదుగురూ లోపలికి ముడుచుకుని, బయటనుంచి వేసుకోండ్రా అని వదిలెయ్యాలి. మన జిల్లా టోర్నమెంట్లలో మూడు పాయింట్ల షాట్లు వరసగా వేసే టీములు ఎన్నున్నాయి?

ఆర్క్_ఆమదాలవలస
మాది ఉంది.

రాజాం_రీబౌండ్
మీది తప్ప.

బాక్స్‌ఔట్_బొబ్బిలి
ఫౌల్స్ గురించి ఒకటి మిగిలిపోయింది. సిరిమానుని అవతలి సెంటర్ మీదే పెట్టాలని రూల్ లేదు. అవతలి అయిదుగురిలో స్కోర్ చెయ్యడం చేతకాని వాడొకడు తప్పకుండా ఉంటాడు, మీవాణ్ణి వాడి మీద పెట్టండి. వాణ్ణి వదిలేసి బాస్కెట్ దగ్గరే ముందుగానే నిలబడొచ్చు, సాయానికి ఆలస్యంగా పరిగెత్తక్కర్లేదు. ఆలస్యంగా వచ్చినప్పుడే ఫౌల్ పడేది. ముందే ఉంటే చేతులెత్తి నిలబడితే చాలు.

పాత_విజిల్
నిలబడ్డవాడి చేతులు నిటారుగా పైకి ఉంటే ఆ పైన ఉన్న చోటు వాడిదే. అవతలివాడు వచ్చి గుద్దుకుంటే డిఫెన్స్ మీద విజిల్ ఊదకూడదు. చేతులు ముందుకి వంచితే మాత్రం ఊదుతారు. మీవాడికి అద్దం ముందు నిలబెట్టి చూపించండి, చాలామందికి తాము వంచుతున్నామనే తెలియదు.

కోటగుమ్మం_కోచ్
చాలా వచ్చింది, అందరికీ థాంక్స్. ఇలా అనుకుంటున్నాను. నాగావళి అక్క విడతల పద్ధతే తీసుకుంటాను, 6, 5, 6, 8. మొదటి క్వార్టర్‌లో రెండో ఫౌల్ పడితే వెంటనే తీస్తాను, కానీ రెండో క్వార్టర్‌లో మామూలు టైముకే దించుతాను, హాఫ్‌టైమ్ దాకా ఆపను. వాడు కూర్చున్నప్పుడు బెస్ట్ గార్డ్ లోపలే. బ్యాకప్‌కి పీఈటీ మాస్టారు చెప్పిన మూడు పనులే. రేపటినుంచి ప్రాక్టీసులో సగం ఆట సిరిమాను లేకుండా, అప్పుడు జోన్. ప్రెస్ పొద్దున మ్యాచ్‌లో మాత్రమే, అదీ చిన్న చిన్న విడతలుగా. మోకాలి సంగతి ఇవాళ అడిగాను, మెట్ల దగ్గర కొంచెం ఉందన్నాడు, సోమవారం చూపిస్తున్నాం.

ఫిజియో_పక్కింటి
సోమవారం దాకా దూకే డ్రిల్స్ పూర్తిగా ఆపండి. కొంచెం అన్నాడంటే కొంచెం కంటే ఎక్కువే ఉంటుంది, టీమ్‌లోంచి తీసేస్తారని తగ్గించి చెప్తారు.

కోటగుమ్మం_కోచ్
సరే, ఆపేశాను. డాక్టర్ 25 కూడా వద్దంటే 18కి కుదించి వేరే లెక్క వేసుకోవాలి, అది అప్పుడు చూద్దాం.

పాత_విజిల్
ఒకటి మర్చిపోకండి. మన దగ్గర లీగ్ మ్యాచ్‌లకి టైము చాలక గడియారం ఆపకుండా నడిపించేస్తుంటారు. అలా అయితే అక్కయ్యగారి 6 నిమిషాలు నిజంగా 6 నిమిషాలే, సగం ఫ్రీ త్రోలకే పోతుంది, బయట రెస్ట్ కూడా ఆ మేరకి తగ్గుతుంది. మ్యాచ్‌కి ముందే టేబుల్ దగ్గర అడిగి తెలుసుకోండి. గడియారం ఆపరంటే విడతలు 7, 8 నిమిషాలకి పెంచుకోవచ్చు.

అసిస్టెంట్_నేనే
టేబుల్ దగ్గర అడిగే పని, నిమిషాలు రాసే పని రెండూ నాకే ఇచ్చారు మాస్టారు. ఇది శిక్షే అనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం అడుగుతా, పొద్దున మ్యాచ్‌లో ఎంత లీడ్ ఉంటే సిరిమానుని సాయంత్రానికి దాచేస్తారు?

కోటగుమ్మం_కోచ్
మూడో క్వార్టర్ అయ్యేసరికి పదిహేను ఉంటే మళ్ళీ దించను.

అసిస్టెంట్_నేనే
పదిహేను చాలదు. మన టీమ్‌కి ఇరవై ఉండాలి.

కోటగుమ్మం_కోచ్
పదిహేను.

అంకెలబాబు
పది నిమిషాల్లో పదిహేను పోగొట్టుకునే టీమ్ అయితే సెంటర్ ఉన్నా పోగొట్టుకుంటుంది. పదిహేనే.

రాజాం_రీబౌండ్
పదిహేడు పెట్టుకోండి, ఇంటికి పోవచ్చు.